తీగ దిగిన చోటే వేగం

ప్రతి గదిలోనూ ఫోన్ సాకెట్ ఉంది, నెట్టు మాత్రం ఒక గదిలోనే వస్తుంది. హాల్లో ఆడే వీడియో మేడ మీద ఆగిపోతుంది. వాన పడితే లైను పోతుంది. ప్లాన్ మార్చే ముందు, కంపెనీ మార్చే ముందు మన ఇంటి గోడల్లో పరుచుకున్న తీగ దారిని ఒకసారి చూసుకోవాలి. కుందారపల్లి లాంటి సరిహద్దు ఊళ్ల తెలుగిళ్లకు అది మరీ అవసరం.

కృష్ణగిరి నుంచి హోసూరు వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తుంటే కుందారపల్లి కూడలి వస్తుంది. అక్కణ్నుంచి ఒక రోడ్డు వేపనపల్లికి చీలుతుంది. ఆ దారి పట్టుకుని పోతే ఇటు ఆంధ్ర, అటు కర్ణాటక సరిహద్దులు దగ్గరే. చుట్టూ మామిడి తోటలు, ఊళ్లో మేకల సంత, రోడ్డు మీద రాత్రీ పగలూ ఆగని లారీలు. ఇక్కడి చాలా ఇళ్లలో మాట్లాడుకునేది తెలుగు, బడిలో చదివేది తమిళం, పని వెతుక్కుంటూ పోతే వినిపించేది కన్నడం. ఇంటికొకరైనా హోసూరు ఫ్యాక్టరీల్లోనో బెంగళూరు ఆఫీసుల్లోనో పని చేస్తుంటారు.

ఇలాంటి ఊళ్లలో ఇల్లు ఒక్క విడతలో పూర్తికాదు. ముందు తాతలనాటి బండల మిద్దె ఉంటుంది. దాని ముందు సిమెంటు హాలు లేస్తుంది. కొడుకు పెళ్లినాటికి మేడ మీద రెండు గదులు పడతాయి. ఇల్లు పెరిగినప్పుడల్లా ఫోన్ తీగ కూడా సాగింది. హాల్లో ఒక పెట్టె, పడక గదిలో ఒకటి, మేడ మీద ఒకటి, రోడ్డు వైపు అంగడి ఉంటే అందులో మరొకటి. ఏ తీగ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. వేసినవాళ్లు వేసి వెళ్లిపోయారు, పైన సున్నం పడింది.

మాట్లాడే ఫోనుకు ఈ అల్లికతో పెద్ద ఇబ్బంది ఉండేది కాదు. అదే తీగ మీదికి ఇంటర్నెట్ వచ్చాక మాత్రం ప్రతి అతుకూ, ప్రతి కొసా లెక్కలోకి వచ్చింది. ఫైబర్ వచ్చినా, వైఫై వచ్చినా మూల ప్రశ్న మారలేదు. లైను ఇంట్లోకి మొదట దిగేది ఎక్కడ? అక్కణ్నుంచి మనం కూర్చునే చోటికి ఏ దారిన వస్తోంది? ఈ రెండింటికీ జవాబు తెలిసిన ఇంట్లో నెట్టు సమస్యల్లో చాలా భాగం కాగితం మీదే తేలిపోతుంది.

ఊరికి ఫోను, గదికో పెట్టె

పల్లెలకు ఫోను చేర్చిన కథలో సీ-డాట్ పేరు మరువరానిది. శ్యామ్ పిట్రోడా చొరవతో 1984లో ఏర్పడిన ఈ ప్రభుత్వ సంస్థ గ్రామీణ ఆటోమేటిక్ ఎక్స్‌ఛేంజీని తయారు చేసింది. 128 పోర్టులున్న ఆ చిన్న యంత్రం ఏసీ గది లేకుండానే మన ఎండకూ దుమ్ముకూ తట్టుకుని పనిచేసేలా రూపొందింది. పట్నాలకే పరిమితమైన డయల్ టోన్ దాంతో చిన్న ఊళ్లకు చేరింది. పసుపు పచ్చ ఎస్‌టీడీ బోర్డులు వెలిశాయి, తర్వాత ఇళ్లకూ ఫోన్లు వచ్చాయి. కృష్ణగిరికి 04343, హోసూరుకు 04344. ఈ కోడ్లు ఈ ప్రాంతంలో ఒక తరానికి నోటి లెక్క.

ఆ రోజుల్లో లైను దారి ఇది. ఎక్స్‌ఛేంజీలో ఎండీఎఫ్ అనే పెద్ద చట్రం నుంచి భూమిలో లావుపాటి కేబుల్ బయలుదేరుతుంది. వీధి మలుపులో ఉండే పిల్లర్ పెట్టెలో అది చిన్న కేబుళ్లుగా విడిపోతుంది. స్తంభం మీదో గోడ మీదో ఉండే డీపీ పెట్టెకు వస్తుంది. అక్కణ్నుంచి నల్లటి డ్రాప్ వైరు మన ఇంటికి దిగుతుంది. అది ఆగే మొదటి చిన్న తెల్ల పెట్టెను లైన్‌మ్యాన్లు రోజెట్ అంటారు. అంతదూరం నుంచి వచ్చేది రెండే రెండు రాగి తీగలు.

రెండో గదిలో ఫోను కావాలంటే ఆ రోజెట్ నుంచే ఇంకో జత తీగ లాగి మరో పెట్టె పెట్టేవారు. మూడో గదికి రెండోదాని నుంచి లాగేవారు. దీన్నే ప్యారలల్ కనెక్షన్ అనేవాళ్లం. ఎక్స్‌ఛేంజీ ఇచ్చే 48 వోల్టుల విద్యుత్తుతోనే ఫోను నడిచేది కాబట్టి కరెంటు పోయినా మాట ఆగేది కాదు. గంట మోగినప్పుడు అదే తీగలో 70 నుంచి 90 వోల్టుల ఏసీ ప్రవహిస్తుంది. మోగుతున్న వేళ తీగ కొసను ముట్టుకున్నవాళ్లు ఆ జివ్వుమనడాన్ని ఎన్నటికీ మరువరు.

2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు 256 కిలోబిట్ల వేగాన్ని బ్రాడ్‌బ్యాండ్ అంది. 2005 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ డేటావన్ సేవ మొదలుపెట్టింది. 4 ఎంబీ పాట దిగడానికి రెండు నిమిషాలకు పైనే పట్టేది, అయినా డయలప్ మోడెం కూతలు విన్నవాళ్లకు అదే ఒక అద్భుతం. 500 రూపాయల ప్లానులో రాత్రి 2 నుంచి ఉదయం 8 దాకా డౌన్‌లోడ్‌కు లెక్క ఉండేది కాదు. అందుకోసమే అలారం పెట్టుకుని లేచిన కుర్రాళ్లు ఆ తరంలో ఊరూరా ఉన్నారు. 2023 నుంచి మన దేశంలో కనీసం 2 మెగాబిట్లు ఉంటేనే బ్రాడ్‌బ్యాండ్. లెక్క ఎనిమిది రెట్లు పెరిగింది, చాలా ఇళ్లలో గోడల్లోని తీగ మాత్రం అప్పటిదే.

ఒకే జత మీద మాటా, నెట్టూ

రాగి తీగ మీద వచ్చే నెట్టు పేరు ఏడీఎస్‌ఎల్. మన గొంతుకు ఫోన్ లైన్లో 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకూ ఉండే పౌనఃపున్యాలు చాలు. ఆ పైన తీగ ఖాళీ. ఆ ఖాళీని ఏడీఎస్‌ఎల్ వాడుకుంటుంది. మన నుంచి వెళ్లే సమాచారానికి సుమారు 25 నుంచి 138 కిలోహెర్ట్జ్ వరకు, మనకు వచ్చే సమాచారానికి అక్కణ్నుంచి 1,104 కిలోహెర్ట్జ్ వరకు. తర్వాత వచ్చిన ఏడీఎస్‌ఎల్ 2 ప్లస్ ఆ హద్దును 2.2 మెగాహెర్ట్జ్ దాకా పెంచి, మంచి తీగ మీద సెకనుకు 24 మెగాబిట్ల వరకూ ఇవ్వగలిగింది. మొత్తం వెడల్పును 4.3125 కిలోహెర్ట్జ్ చొప్పున వందలాది చిన్న పాయలుగా విడగొట్టి, ఏ పాయ శుభ్రంగా ఉంటే దానిలో ఎక్కువ సమాచారం పంపడం మోడెం చేసే పని.

మాటా, నెట్టూ ఒకే తీగ మీద ఉన్నాయి కనుక వాటిని విడదీసే సాధనం కావాలి. అదే స్ప్లిటర్. చిన్న ప్లాస్టిక్ డబ్బీ, మూడు రంధ్రాలు: ఒకటి లైనుకు, ఒకటి ఫోనుకు, ఒకటి మోడెంకు. ఫోను వైపు దారిలో ఒక ఫిల్టర్ ఉండి, పై పౌనఃపున్యాలు ఫోనులోకి పోకుండా ఆపుతుంది. అలాగే రిసీవర్ ఎత్తినప్పుడూ, గంట మోగినప్పుడూ ఫోను పుట్టించే గోల నెట్టు వైపు రాకుండా చూస్తుంది.

ఇంట్లో నాలుగు సాకెట్లు ఉండి, హాల్లో ఒక్కచోటే స్ప్లిటర్ పెట్టి, మిగతా మూడు ఫోన్లూ నేరుగా లైనుకే తగిలించి ఉంటే ఆ రక్షణ చెడిపోతుంది. పడక గదిలో ఫోను మోగగానే హాల్లో నెట్టు తెగుతుంది. దీనికి రెండే దారులు. ఇంట్లోకి లైను దిగే మొదటి చోటే స్ప్లిటర్ బిగించి, దాని ఫోన్ రంధ్రం నుంచే మిగతా గదులన్నిటికీ తీగ ఇవ్వాలి. కుదరకపోతే ప్రతి ఫోనుకూ విడిగా ఒక ఫిల్టర్ పెట్టాలి. మొదటి దారే మేలు.

ఫోనే తగిలించని ఖాళీ సాకెట్ కూడా నష్టం చేస్తుంది. పంట కాలువకు అడుగడుగునా వాడని పిల్ల కాలువలు తెరిచి ఉంచితే చివరి మడికి నీరు చేరనట్టే, వాడని ఎక్స్‌టెన్షన్లు లైను బలాన్ని పీలుస్తాయి. కారణం ప్రతిధ్వని. తీగ కొస దగ్గర ఆగిన తరంగం వెనక్కి తిరిగి వచ్చి అసలు తరంగంతో కొట్లాడుతుంది. 30 మీటర్ల ఖాళీ ఎక్స్‌టెన్షన్ సుమారు 1.6 మెగాహెర్ట్జ్ దగ్గర గుంట తవ్వుతుంది. ఏడీఎస్‌ఎల్ 2 ప్లస్ వాడుకునే వెడల్పులోనే అది పడుతుంది. మేడ మీద గదికి లాగి మరిచిపోయిన తీగ హాల్లో నెట్టును తగ్గించే తీరు ఇదే.

పెట్టె తర్వాత పెట్టె

అనుభవమున్న టెక్నీషియన్ ఇంటికి రాగానే మోడెం దగ్గరికి పోడు. హోసూరు వైపు పల్లెల్లో ఆ సంభాషణ ఇలా నడుస్తుంది.

“అక్కా, బయట్నుంచి తీగ లోపలికి యాడ దిగుతా ఉండాది?”

“హాల్లోనే నాయనా, పాత ఫోను పెట్టుకున్న జాగాలో.”

“అయితే ముందు ఆ పెట్టె విప్పుదాం. మేడ మీద సంగతి తర్వాత చూద్దాం.”

ఆ వరసే సరైనది. మొదటి రోజెట్ మూత విప్పి, లోపలికి పోయే ఎక్స్‌టెన్షన్ తీగలన్నీ తీసేసి, బయటి నుంచి వచ్చే జతను మాత్రమే ఉంచాలి. దానికి పొట్టి తీగతో మోడెం తగిలించి కొంతసేపు చూడాలి. డీఎస్‌ఎల్ దీపం నిలకడగా వెలిగి వేగం బాగా వస్తే బయటి లైను మంచిదే, దోషం ఇంటి లోపల ఉంది. అక్కడ కూడా దీపం మిణుకుమిణుకుమంటే దోషం బయటిది. ఫిర్యాదు చేసేటప్పుడు “ఇంట్లో తీగలన్నీ విప్పి మొదటి పెట్టె దగ్గరే చూశాం” అని చెప్పగలిగితే సగం వాదన తప్పుతుంది.

లోపం లోపలే అని తేలాక ఒక్కొక్క ఎక్స్‌టెన్షన్‌ను తిరిగి కలుపుతూ పోవాలి. ఏది కలిపినప్పుడు వేగం పడిపోయిందో దోషం అందులోనే. సాధారణంగా దొరికేవి ఇవి: పచ్చగా చిలుము పట్టిన రాగి కొసలు, తీగలు మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేసిన అతుకులు, కరెంటు వైర్లున్న పైపులోనే దూర్చిన ఫోన్ తీగ, చదునుగా సాగిన పాత రకం వైరు. జతలోని రెండు తీగలూ ఒకదాని చుట్టూ ఒకటి మెలితిరిగి ఉంటే బయటి గోల రెండిటి మీదా సమానంగా పడి రద్దవుతుంది. చదును తీగకు ఆ గుణం తక్కువ. బోరు మోటారు స్టార్టరు వేసినప్పుడల్లా నెట్టు తెగుతోందంటే ఈ మెలిక లేని తీగను అనుమానించాలి.

మోడెం పేజీలో రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకటి ఎస్‌ఎన్‌ఆర్ మార్జిన్, అంటే గోల మీద సంకేతానికి మిగిలిన పైచేయి. ఇది 6 డెసిబెల్ కంటే తగ్గితే లైను తరచూ తెగుతుంది. రెండోది అటెన్యుయేషన్, దారిలో సంకేతం ఎంత అరిగిందో చెప్పే లెక్క. ఎక్స్‌ఛేంజీ నుంచి దూరం పెరిగేకొద్దీ ఇది పెరుగుతుంది. ఐదారు కిలోమీటర్ల అవతల ఉన్న ఇంటికి రాగి తీగ మీద మంచి వేగం ఆశించలేం. ఏ సాకెట్ మార్చినా అది మారదు. కానీ ఒకే ఇంట్లో హాలు సాకెట్ దగ్గర ఒక మార్జిన్, పడక గదిలో దాని సగం చూపిస్తే ఆ తేడా పూర్తిగా మన గోడలదే.

వేసవి చివర ఈ ప్రాంతంలో ఉరుములతో వానలు పడతాయి. పిడుగు పక్క వీధిలో పడినా ఆ తాకిడి రాగి తీగ వెంట ఇంట్లోకి వస్తుంది. మబ్బు పట్టగానే మోడెంకు కరెంటు ప్లగ్గు ఒక్కటే తీస్తే సరిపోదు, ఫోన్ లైను జాక్ కూడా పీకాలి. ఉరుముల వేళ, తడి చేతులతో రోజెట్ విప్పకూడదు.

బ్రిటన్ ఇంటి మొదటి సాకెట్

ఈ ఇబ్బంది మనది మాత్రమే కాదు. లండన్ శివార్లలో పాత ఇల్లు అద్దెకు తీసుకున్న తెలుగు కుటుంబం కూడా గోడ గోడకూ ఫోన్ సాకెట్ చూసి దేనికి మోడెం పెట్టాలో తెలియక తికమకపడుతుంది. బ్రిటన్‌లో 1981లో ప్లగ్గు, సాకెట్ పద్ధతి వచ్చింది. అక్కడ మొదటి సాకెట్‌ను మాస్టర్ సాకెట్ అంటారు. ఆ తర్వాత వచ్చిన ఎన్‌టీఈ5 రకం పెట్టెలో కింది సగం మూత విప్పితే లోపల ఇంకో సాకెట్ కనిపిస్తుంది. మూత విప్పగానే ఇంటి ఎక్స్‌టెన్షన్లన్నీ వాటంతటవే తెగిపోతాయి. లోపలి సాకెట్‌కు మోడెం పెట్టి చూస్తే తప్పు కంపెనీ లైనుదో ఇంటి తీగలదో నిమిషాల్లో తేలుతుంది. బాధ్యత ఎక్కడ మారుతుందో ఆ చిన్న పెట్టె తేటగా చెబుతుంది.

అక్కడి పాత సాకెట్లలో గంట కోసమే మూడో తీగ ఒకటి ఉండేది. జతలో లేని ఆ ఒంటరి తీగ బయటి గోలను పట్టుకొచ్చి నెట్టును చెడగొడుతుందని తేలాక దాన్ని తీసేసి వేగం పెంచుకున్న ఇళ్లు ఎన్నో. 2027 జనవరికల్లా పాత రాగి టెలిఫోన్ వ్యవస్థను మూసేయాలని బ్రిటన్ నిర్ణయించుకుంది. మన దగ్గరా రాగి ఖాతాదారులను ఫైబర్‌కు మార్చే పని నడుస్తోంది. అయితే తప్పును ఎక్కడ వెతకాలో చెప్పిన ఆ మాస్టర్ సాకెట్ ఆలోచన మనం తీసుకోదగ్గది. మన ఇంటి మొదటి పెట్టెకు ఒక గుర్తు పెట్టుకున్నా అదే మేలు జరుగుతుంది.

ఫైబర్ వచ్చాక పాత సాకెట్లు ఏం చేయాలి?

ఇప్పుడు స్తంభాల మీద సన్నటి నల్ల ఫైబర్ వచ్చింది. జీపాన్ పద్ధతిలో ఒక ఫైబర్ నుంచి 32 లేదా 64 ఇళ్లకు కాంతిని పంచుతారు. సెకనుకు 2.488 గిగాబిట్లు కిందికి, 1.244 గిగాబిట్లు పైకి. 20 కిలోమీటర్ల దాకా పోతుంది. దూరం పెరిగితే వేగం అరిగిపోయే రాగి కష్టం ఇక్కడ లేదు. తీగ ఆగే చోట ఉండే పెట్టె పేరు ఓఎన్‌టీ.

ఫైబర్‌కు తనవైన నియమాలు ఉన్నాయి. తలుపు సందులో నలిగినా, మేకు చుట్టూ బిగుతుగా మడిచినా కాంతి బయటికి జారిపోతుంది. ఓఎన్‌టీ అందుకునే కాంతి బలం మైనస్ 27 డీబీఎం కంటే కిందికి దిగితే లైను నిలబడదు. లాస్ అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలిగితే కాంతి రావడం లేదని అర్థం. అప్పుడు రూటర్‌ను ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు, ఫైబర్‌ను చూడాలి. పీకిన ఫైబర్ కొసలోకి మాత్రం ఎప్పుడూ కన్ను పెట్టి చూడకూడదు. ఆ లేజర్ కాంతి కంటికి కనిపించదు, హాని చేయగలదు.

గోడల్లోని పాత ఫోన్ సాకెట్లు ఇప్పుడు రెండు రకాలుగా పనికొస్తాయి. మొదటిది మాట కోసం. చాలా ఓఎన్‌టీల వెనుక టెలిఫోన్ అని రాసిన రంధ్రం ఉంటుంది. ఫైబర్ మీద వచ్చే ల్యాండ్‌లైన్ అందులోంచి వస్తుంది. ముందు బయటి రాగి లైనును మొదటి రోజెట్ దగ్గర పూర్తిగా విడదీయాలి. ఆ తర్వాత ఈ రంధ్రం నుంచి అదే రోజెట్‌కు తీగ ఇస్తే పడక గదిలో ఫోనూ, మేడ మీద ఫోనూ మళ్లీ మోగుతాయి. మోకాళ్ల నొప్పులతో లేవలేని అవ్వ మంచం పక్కన ఫోను ఉండటం చిన్న సౌకర్యం కాదు.

రెండోది నెట్టు కోసం. ఫోన్ సాకెట్ జాక్‌కూ, కంప్యూటర్ నెట్‌వర్క్ జాక్‌కూ పోలిక ఉంది కానీ అవి వేరు. చిన్న ఫోన్ జాక్ పెద్ద రంధ్రంలో దూరుతుంది, అంతమాత్రాన పని చేయదు. గంట వోల్టేజీ అందులోకి పోతే కంప్యూటర్ పోర్టు కాలిపోవచ్చు. గిగాబిట్ నెట్‌వర్క్‌కు నాలుగు జతల తీగ కావాలి, పాత ఫోన్ తీగలో ఉండేది ఒకటో రెండో జతలు. అయితే ఆ తీగ పరిచిన పైపు గోడలో ఉంది కదా, అదే అసలు ఆస్తి. పాత తీగ కొసకు క్యాట్ 6 కేబుల్‌ను గట్టిగా కట్టి అవతలి గది నుంచి నెమ్మదిగా లాగితే, గోడ పగలగొట్టకుండానే మేడ మీదికి కొత్త కేబుల్ చేరుతుంది. 100 మీటర్ల వరకూ దాని వేగం తగ్గదు. ఫోన్ సాకెట్ ఉన్న ప్రతి గదీ నెట్టు సాకెట్ ఉన్న గదిగా మారగలదు.

ఒక లోటును ముందే పూడ్చుకోవాలి. పాత ఫోనుకు ఎక్స్‌ఛేంజీ కరెంటు ఇచ్చేది, ఓఎన్‌టీకి మన ఇంటి కరెంటే దిక్కు. కరెంటు పోతే నెట్టూ పోతుంది, ల్యాండ్‌లైనూ పోతుంది. సాధారణంగా 12 వోల్టుల అడాప్టరుతో నడిచే ఈ పెట్టెకు రూటర్ల కోసమే అమ్మే చిన్న యూపీఎస్ తగిలిస్తే కొన్ని గంటలు నిశ్చింత. వోల్టేజీ సరిపోయేదే కొనాలి.

రాతి గోడల ఊళ్లో వైఫై

2005 జనవరిలోనే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను లైసెన్సు లేకుండా వాడుకోవడానికి మన ప్రభుత్వం అనుమతించింది. డేటావన్ మొదలైన నెలే ఇంటి వైఫైకి కూడా తలుపు తెరుచుకుంది. 5 గిగాహెర్ట్జ్‌లో ఎక్కువ భాగాన్ని 2018 అక్టోబరులో వదిలారు. మొదటిది దూరం పోతుంది, వేగం తక్కువ, ఇరుగుపొరుగు వైఫైలతో రద్దీ ఎక్కువ. రెండోది వేగంగా ఉంటుంది కానీ గోడ అడ్డొస్తే త్వరగా నీరసిస్తుంది.

కృష్ణగిరి జిల్లా గ్రానైటుకు పేరుపడ్డది. పాత ఇళ్లకు రాతి గోడలు, బండల మిద్దెలు. కొత్త ఇళ్లకు ఇనుప చువ్వల స్లాబులు. మందపాటి రాయీ, ఇనుము అల్లిన కాంక్రీటూ వైఫైకి గట్టి అడ్డంకులు. నిండిన నీళ్ల ట్యాంకు, ఇనుప బీరువా, పెద్ద నిలువుటద్దం కూడా అంతే. రూటర్‌ను టీవీ వెనుక దాచి, బీరువా మీద మూలకు తోసి, వైఫై ఇల్లంతా అందాలని కోరుకోవడం న్యాయం కాదు. ఇంటి మధ్యలో, మనిషి ఎత్తున, నాలుగు వైపులా ఖాళీ ఉన్న చోట అది ఉండాలి.

ఓఎన్‌టీ ముందు హాల్లో మూలన ఉంటే, క్యాట్ 6 లాగిన పాత సాకెట్ గదిలో రెండో రూటర్ పెట్టుకోవచ్చు. చాలామంది దీన్ని తప్పుగా కలిపి అలసిపోతారు. రెండో రూటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టాలి. ఆ మోడ్ లేకపోతే దాని చిరునామాను మొదటి రూటర్‌తో ఢీకొనకుండా మార్చి, చిరునామాలు పంచే డీహెచ్‌సీపీని ఆపి, కేబుల్‌ను వ్యాన్ రంధ్రంలో కాకుండా ల్యాన్ రంధ్రంలో పెట్టాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో మొదటిదానికి 1వ చానెల్, రెండోదానికి 6 లేదా 11 ఇస్తే ఒకదాని మాటకు ఇంకొకటి అడ్డురాదు. తీగ లేకుండా సంకేతాన్ని తిరిగి ప్రసారం చేసే ఎక్స్‌టెండర్లు చౌకే. కానీ అవి విన్నదాన్నే మళ్లీ చెప్పాలి కాబట్టి వేగం తగ్గుతుంది. గోడలో పైపు ఉన్నప్పుడు కేబుల్ లాగడమే మేలు.

సరిహద్దు తెలుగిళ్లకు ఇది ఎందుకు ముఖ్యం

కృష్ణగిరికి పొరుగునే ఆంధ్రలో కుప్పం ఉంది. పల్లెకు కంప్యూటర్, ఇంటర్నెట్ చేరితే బతుకు ఎలా మారుతుందో చూడాలని 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి ఐ-కమ్యూనిటీ అనే ప్రయోగం చేసింది అక్కడే. ఆ కాలంలోనే మద్రాస్ ఐఐటీలో అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం రూపొందించిన కార్‌డెక్ట్ వ్యవస్థ, రాగి తీగ లాగకుండా గాలిలోనే పల్లెకు ఫోనూ నెట్టూ చేర్చింది. మన నేల ఈ విషయంలో ఎప్పుడూ వెనకబడి లేదు.

తర్వాత ప్రభుత్వాలు ఫైబర్ పట్టుకున్నాయి. 2011లో ఆమోదం పొందిన జాతీయ ఫైబర్ పథకమే నేటి భారత్‌నెట్. తమిళనాడులో 12,525 గ్రామ పంచాయతీలకు ఫైబర్ చేర్చే బాధ్యత టాన్‌ఫినెట్ సంస్థది. ఆంధ్రలో కరెంటు స్తంభాల మీదుగా లాగిన ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే నెట్టు, టీవీ, ఫోను ఇస్తామన్నది అప్పటి మాట. తెలంగాణ టీ-ఫైబర్ కోసం మిషన్ భగీరథ నీటి పైపుల కందకాలను వాడుకుంది. ఇలా పంచాయతీ దాకా కాంతి వచ్చింది. అక్కణ్నుంచి ఇంటికి, ఇంటి గుమ్మం నుంచి పిల్ల కూర్చుని చదివే గదికి ఉన్న ఆఖరి గజాలు మాత్రం మన చేతుల్లో ఉన్నాయి.

ఆ ఆఖరి గజాల విలువ ఇక్కడి తెలుగువాళ్లకు ఇంకాస్త ఎక్కువ. బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేసిన 2006 తమిళ అభ్యసన చట్టం తర్వాత తమిళనాడు బడుల్లో తెలుగు పిల్లలకు అమ్మ భాష రాయడం, చదవడం వచ్చే దారులు ఇరుకయ్యాయి. తమిళం నేర్వడం తప్పు కాదు, బతుకుతున్న నేల భాష అది. కానీ ఇంట్లో తెలుగు మాట్లాడే బిడ్డకు తెలుగు అక్షరం అందాలంటే ఇప్పుడు పెద్ద దిక్కు నెట్టే. తెలుగు వికీపీడియా, నిఘంటువులు, పాత పుస్తకాల ప్రతులు, హైదరాబాద్, విజయవాడ నుంచి వచ్చే దినపత్రికలు, కథలు చదివి వినిపించే చానెళ్లు అన్నీ అందులో ఉన్నాయి. మేడ మీద గదిలో వీడియో ఆగిపోతే అమ్మమ్మ మాటకు అక్షర రూపం చూసే అవకాశం ఆ సాయంత్రానికి పోయినట్టే.

2020 లాక్‌డౌన్‌లో ఇది కళ్లకు కట్టింది. బెంగళూరు నుంచి ఊరికి తిరిగి వచ్చిన ఉద్యోగులు, ఆన్‌లైన్ పాఠాల పిల్లలు ఒకే ఇంట్లో ఒకే రూటర్ చుట్టూ చేరారు. ఎక్కడ సంకేతం అందితే అక్కడే బడి, అక్కడే ఆఫీసు. తీగ సరిగ్గా పరిచిన ఇంట్లో తలా ఒక గది దొరికింది, మిగతా ఇళ్లలో అందరూ హాలుకే పరిమితమయ్యారు.

ఫిర్యాదుకు ముందు చూసుకోవాల్సినవి

1. లైను ఇంట్లోకి దిగే మొదటి చోటు కనుక్కోండి. దానికి రంగు గుర్తు పెట్టండి.
2. రాగి లైనైతే అన్ని ఎక్స్‌టెన్షన్లూ విడదీసి అక్కడే మోడెం పెట్టి చూడండి. ఫైబరైతే లాస్ దీపం చూడండి.
3. వేగాన్ని ముందు కేబుల్‌తో కొలవండి, తర్వాత వైఫైతో. కేబుల్‌లో బాగుండి వైఫైలో తగ్గితే సమస్య గోడలది, రూటర్ ఉన్న చోటుది.
4. స్ప్లిటర్ మొదటి పెట్టె దగ్గరే ఉందా, ప్రతి ఫోనూ దాని వెనుకే ఉందా చూడండి.
5. వాడని సాకెట్ల తీగలు మొదటి పెట్టె దగ్గరే విడదీయండి.
6. డీపీ పెట్టె, స్తంభం, ఫైబర్ అతుకులు కంపెనీ సిబ్బంది పని. వాటిని మనం ముట్టుకోకూడదు.

చేయాల్సిన పని

దేశంలో తీగ మీదా ఫైబర్ మీదా నడిచే బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు నాలుగు కోట్లు దాటాయి. ఇక మీదట కట్టే ప్రతి ఇంట్లో నీళ్ల పైపుకూ కరెంటు పైపుకూ ఇచ్చే శ్రద్ధలో కొంత నెట్టు పైపుకూ ఇవ్వాలి. స్లాబు వేయకముందే హాలు నుంచి ప్రతి గదికీ, మేడకూ ఒక ఖాళీ పైపు వేయమని మేస్త్రీకి చెప్పాలి. కరెంటు వైర్లకు దూరంగా, లోపల ఒక నైలాను తాడు వదిలి. అప్పుడు అయ్యే ఖర్చు కొద్దిపాటిది, తర్వాత గోడ పగలగొట్టే ఖర్చు దానికి ఎన్నో రెట్లు.

కనెక్షన్ ఇవ్వడానికి వచ్చే సిబ్బందికి పది నిమిషాలు ఎక్కువ ఇవ్వాలి. కంపెనీలు వాళ్లకు రోజుకు ఇన్ని ఇళ్లని లక్ష్యం పెడితే మొదటి కిటికీ దగ్గరే పెట్టె బిగించి వెళ్లిపోతారు. ఎక్కడ పెట్టాలో ఇంటివాళ్లు ముందే తేల్చుకుని ఉంటే అదే పనివాడు సరైన చోట పెడతాడు. రోజెట్ విప్పి, జత తీగలు చూసి తప్పు పట్టగల పాత లైన్‌మ్యాన్లు ఇంకా మన ఊళ్లలో ఉన్నారు. హైస్కూళ్లు వాళ్లను ఒక పూట పిలిచి ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ఇంటి తీగల గురించి చెప్పించాలి. విద్యుత్తు, తరంగాలు పుస్తకంలో చదివే వయసు అదే. గోడ మీద ఉన్న పెట్టెలోనే ఆ పాఠం ఉందని తెలిస్తే ఆ చదువు వంటబడుతుంది.

ఈ ఆదివారం ప్రతి ఇంట్లో చేయగల పని ఒకటుంది. పిల్లల చేత ఒక తెల్ల కాగితం మీద ఇంటి తీగల పటం గీయించండి. లైను ఎక్కడ దిగింది, ఏ గదికి ఎటు పోయింది, ఏ సాకెట్ బతికుంది, ఏది ఖాళీ, రూటర్ ఎక్కడ ఉంది, ఫైబర్ ఏ తేదీన వచ్చింది అన్నీ అందులో రాయించండి. తెలుగులో రాయించండి, తమిళంలోనూ రాయించండి. దాన్ని కరెంటు మీటరు పెట్టె మూతకు లోపలి వైపు అంటించండి. ఇకపై ఏ టెక్నీషియన్ వచ్చినా ఆ కాగితం చూసే పని మొదలుపెడతాడు.